గోడ చూడమని చెప్పాను

ప్రొద్దుటూరు బజారులో నాకంటే గొప్ప బేరం చేసినవాళ్లెవరైనా ఉంటే తీసుకురండి, చూస్తాను. నెల రోజుల పనిని వారానికి దించాను. ఎదుటి మనిషికి పైసా ఇవ్వకుండా, పైగా ఆమె చేతనే "ఒగ వారమన్నా కూర్చో" అనిపించి మరీ దించాను. ఆ సాయంత్రం జమ్మలమడుగు నుంచి ఇంటికి వస్తూ బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. మా నాయన బతికుంటే నన్ను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టి వీధిలో పోయేవాళ్లందరికీ చూపించి ఉండేవాడు. అంత చెడ్డ బేరం మా ఇంట్లో మరెవరూ చేయలేదని తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

మనసు ఎదగని పిల్లలకు నేర్పే ఈ చదువులోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొన్నటిదాకా పులివెందులలో ఇదే పని చేసి, మోకాళ్లు మొరాయించాక మానుకున్నాను. ఇప్పుడు నాకు పోయేదేమీ లేదు. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను.

మాది బట్టల అంగడి. ఒక అన్న, ముగ్గురు ఆడపిల్లలు, నేను చివరిదాన్ని. బడి నుంచి వచ్చి చీరలు మడతలు వేస్తూ, మెట్లెక్కే గిరాకీ మొహం చూసి ఎంతకు తెగుతుందో చెప్పగలిగేదాన్ని. మా వాళ్లలో ఆడపిల్ల నర్సింగు చదవడం అప్పట్లో లేదు. నేను చేరాక ఇంట్లో చాలా రోజులు నాతో మాటల్లేవు. తర్వాత నాయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు నేను పక్కనుంటే మాటలు తిరిగి వచ్చాయి. ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఇరవై ఏళ్లకు పైగా చేసి ఇన్‌ఛార్జి సిస్టర్‌నయ్యాను. డాక్టర్లు కూడా నన్నడిగే బెడ్డు మార్చేవాళ్లు.

అలాంటి కుర్చీ వదులుకోవడానికి ఒక పిల్ల కారణం. మనసు ఎదగని పిల్ల, పదిహేనేళ్లుంటాయి. చెయ్యి విరిగి వార్డుకు వచ్చింది. సెలైన్ పీకేస్తుంటే, రెండు చేతులూ మంచానికి కట్టేశాను. కట్టింది నేనే, అలాగే కట్టాలని నాకు నేర్పారు. పగలంతా ఆ పిల్ల నా వైపు చూస్తూనే ఉంది. ఆ పిల్లతో ఎలా మాట్లాడాలో ఆ భవనంలో ఒక్కరికీ తెలియదు. కొన్ని దేశాల్లో ఇలాంటివాళ్ల కోసమే వేరుగా నర్సులుంటారట. మన దగ్గర ఆ పేరుతో ఉద్యోగం లేదు. నర్సింగు ఒకచోట చదువుకోవాలి, ఈ పిల్లల గురించి ఇంకోచోట చదువుకోవాలి, రెండు ముక్కల్నీ మనమే కలిపి కుట్టుకోవాలి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో, నలభై ఆరో ఏట, నేను ఆ రెండో ముక్క కోసం జమ్మలమడుగులో రెండేళ్ల డిప్లొమాలో చేరాను.

మా అన్న అంగట్లో కూర్చుని నవ్వాడు.

"ఏంది మే, ఈ వయసులో సంచి తగిలిచ్చుకోని బస్సెక్కుతాండావు? ఆడ జీతం గూడా ఇయ్యరంట గదా, నువ్వే ఎదురు కట్టాలంట. ఇదేం యాపారం?"

"నష్టాల యాపారమన్నా. నిన్ను జూసే నేర్చుకున్యా."

"నోరు మాత్రం తగ్గల్యా నీకు," అని టీ తెప్పించాడు.

జమ్మలమడుగులో మా తరగతులు మేడ మీద, పిల్లల సెంటర్ కింద. పిల్లలంటే అయిదేళ్ల నుంచి పాతికేళ్ల దాకా. పొద్దున వ్యాను తెచ్చి దించేది, సాయంత్రం తీసుకుపోయేది. మాకు పాఠాలు చెప్పే మేడమ్ యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేది. ఆమె దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పాఠాలు మొదలైన వెంటనే ప్రతి విద్యార్థీ ఒక్కో పిల్లాడి పక్కన నెల రోజులు ఊరికే కూర్చోవాలి. నేర్పకూడదు, దిద్దకూడదు, "అట్లా కాదు నాన్నా" అని కూడా అనకూడదు. ఆకలైతే ఏం చేస్తాడు, నిద్రొస్తే ఏం చేస్తాడు, ఎక్కడైనా నొప్పి పుడితే ఏం చేస్తాడు, అంతే చూడాలి. మేం దాన్ని 'కూర్చునే నెల' అనేవాళ్లం. నాతో చదివేవాళ్లంతా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. మూడో రోజుకే ఆవులింతలు మొదలయ్యేవి.

నేను మేడమ్ గదికి వెళ్లాను.

"మేడమ్, ఈ నెల నాకు మాఫీ జేయండి. ఇరవై ఏళ్లు మనుషుల పక్కన్నే కూర్చున్యా."

"రోగమొచ్చినోళ్ల పక్కన కూర్చున్యావమ్మా. యాడ నొస్తాందో వాళ్లే జెప్పినారు నీకు. ఈళ్లు జెప్పరు."

"అయితే ఒగ పని జేస్తా. సెంటర్లో పిల్లోళ్లందరికీ బరువులు, జొరాలు, పుండ్లు అన్నీ నేనే జూస్తా. పైన మీ పిల్లోళ్లకు ఫస్టెయిడ్ పాఠం గూడా నేనే జెప్తా. దానికి బయటినుంచి మనిషిని పిల్చే పని లేదు మీకు."

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. బయటి మనిషి కోసం ఆమె ఎంత తిరుగుతోందో నాకు ముందే తెలుసు. తెలుసుకునే వెళ్లాను.

"ఒగ వారమన్నా కూర్చో," అంది చివరికి.

బేరం తెగింది.

నాకు ఇచ్చిన పిల్లాడికి పందొమ్మిదేళ్లు. పిల్లాడనే అంటాను; అందరూ అలాగే అనేవాళ్లు. మాటలు రావు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. కొండాపురం వైపు ముంపు కాలనీలో తల్లితో ఉండేవాడు. ఊరు రిజర్వాయరు కింద మునిగిపోకముందే తండ్రి పోయాడు. పాత ఊర్లో వాడు ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంట్లో సంగటి ముద్ద చేతిలో పెట్టేవాళ్లట. నిలబడి తినడం, నడుస్తూ తినడం, అదే వాడికి భోజనం. కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా వరసగా ఉంటాయి. పక్కింటివాళ్లు వేరే ఊరివాళ్లు. వాడు వెళ్లి నిలబడితే తలుపులు వేసుకున్నారు. అప్పట్నుంచి ఇంట్లో పళ్లెం పెడితే విసిరికొట్టడం మొదలుపెట్టాడు. సెంటర్‌లోనూ అంతే. పక్క పిల్ల నుదుటికి ఒకసారి తగిలింది కూడా.

ఆ తల్లి కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. సెంటర్‌వాళ్లు ఖచ్చితంగా చెప్పారు: పళ్లెం విసిరే అలవాటు మానితే ఉంచుకుంటాం, లేకపోతే లేదు. ఉంచుకోకపోతే ఆమె వాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి కూలికి పోవాలి. అంతకు ముందు చేసిందదే. తలుపుకు లోపలివైపు వాడి గోళ్ల గీతలు నేను చూశాను. అందుకని ఆ అలవాటు మాన్పించడం నా చదువుకు ఒక పరీక్ష, ఆమెకు అదొక్కటే దారి.

నేను చూసిన వారంలో నాకు కనిపించింది ఒకటే. వాడు పళ్లెం విసిరి, వెంటనే అందరి మొహాలూ చూసేవాడు. ఎవరైనా అరిచినా, బుజ్జగించినా, పరుగెత్తి వచ్చి మెతుకులు ఎత్తినా, వాడి కళ్లు మెరిసేవి. నాకు నవ్వొచ్చింది. ఈ గిరాకీ నాకు తెలిసినదే. చీర విసిరేసి మెట్లు దిగుతూ వెనక్కి చూసే మనిషి. మా నాయన చెప్పేవాడు: పిలవొద్దు, ఆమె వైపు చూడనే వద్దు, నీ పాటికి నువ్వు మడత వేసుకో, మూడో అంగడి దాకా పోయి తనే వస్తుంది. పుస్తకంలోనూ పెద్ద పేర్లతో అదే రాసి ఉంది. చూపు కోసం చేసే పనికి చూపు దొరక్కపోతే ఆ పని ఆగిపోతుందని. చదువూ అంగడీ ఒకే మాట చెబుతుంటే ఇంక నన్ను పట్టేదెవరు?

పద్ధతి ఇది. పళ్లెం విసిరితే అక్కడున్న ప్రతి ఒక్కరూ మొహం తిప్పుకోవాలి. తిట్టకూడదు, బతిమాలకూడదు. వాడంతట వాడు పళ్లెం ఎత్తి తెచ్చి ఇస్తే అప్పుడు చూడాలి, నవ్వాలి, చప్పట్లు కొట్టాలి, అన్నం పెట్టాలి. సెంటర్‌లో నాలుగు రోజుల్లో అందరికీ అలవాటైంది. ఇంటి దగ్గర తల్లికి నేర్పడమే కష్టమైంది. ఆదివారం ఆదివారం కాలనీకి వెళ్లేదాన్ని.

"నా కొడుకు మొగం జూడకుండా ఎట్లుంటా సిస్టరమ్మా? ఆకలితో ఉండాడు గదా."

"ఆకలైతే వాడే తెస్తాడు. నువ్వు బతిమాలే కొద్దీ పెంచుతాండాడు. గోడ జూడు."

"గోడ జూస్తే వాడు ఏడుస్తాడు."

"ఏడవనీ. రోంతసేపే."

పళ్లెం టంగుమని పడింది. ఆమె చటుక్కున తిరిగింది. నేను వెనక నిలబడి, ఆమె గడ్డం పట్టుకుని గోడవైపు తిప్పాను. సున్నం వేసిన గోడ, ఒక మేకు తప్ప ఏమీ లేదు. ఆమె దవడ నా వేళ్ల కింద వణుకుతోంది. పిల్లాడు కాసేపు గొణిగాడు, నేల మీద తట్టాడు, ముందుకొచ్చి ఆమె మొహం చూడబోయాడు. నేను ఆమెను ఇంకొంచెం తిప్పాను. చివరికి పళ్లెం చప్పుడైంది. వాడు తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె నన్ను చూసింది, దేవుణ్ణి చూసినట్టు. ఆ చూపు నాకు బాగానే ఉండింది. దాచడం దేనికి.

రెండు నెలల్లో వాడు చాప మీద కూర్చుని, పళ్లెం ముందు పెట్టుకుని, తనంతట తను తినడం నేర్చాడు. అంతటితో ఆగలేదు నేను. కాలనీ ఇంట్లో మరుగుదొడ్డి ఉంది కదా అని, ఒక్కడే లోపలికి పోయి తలుపు వేసుకుని, నీళ్లు పోసుకుని రావడం కూడా నేర్పాను. మేడమ్ పైనున్న విద్యార్థులందరినీ కిందికి పిలిచి వాడి భోజనం చూపించింది. తల్లి బెల్లం పెట్టి ఓళిగలు చేసి తెచ్చింది. వేముల నుంచి వచ్చే ఒక పిల్ల, నా పక్క బెంచీ, నన్ను అటు సిస్టర్ అనలేక ఇటు ఆంటీ అనలేక రెండూ కలిపి పిలిచేది.

"సిస్టరాంటీ, మాకు గూడా నేర్పియ్యి ఆ మంత్రం."

"మంత్రం గాదు మే, అంగడి. మీ నాయనకు చేను గాకుండా అంగడి ఉండింటే నీకూ వచ్చింటాది."

ఎండలు ముదిరాక, ఒక సోమవారం, వాడు మళ్ళీ పళ్లెం విసిరాడు.

నేను కంగారు పడలేదు. మాన్పించిన అలవాటు పూర్తిగా పోయేముందు ఒకసారి ఎగసిపడుతుందని, అప్పుడు మెత్తబడితే పడిన కష్టమంతా పోతుందని పుస్తకంలో ఉంది. అంగట్లోనూ అంతే. ఆఖరి మెట్టు మీద నిలబడి ఇంకోసారి అడిగే గిరాకీకి లొంగితే, ఆ ధర ఊరంతా పాకుతుంది. అందరికీ చెప్పాను: ఎవరూ చూడొద్దు. వాడు పళ్లెం ఎత్తలేదు. మధ్యాహ్నమంతా చాప మీదే ఉన్నాడు. సాయంత్రం వ్యాను ఎక్కించేటప్పుడు తల్లికి ఫోన్ చేసి, "మళ్ళీ బేరానికి దిగినాడు, గట్టిగా ఉండు," అన్నాను.

మంగళవారం మంచినీళ్ల గ్లాసు కూడా విసిరాడు. వేముల పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరాంటీ, వాడు అరుగు మీద బోర్లా పండుకున్యాడు. కడుపు బండకానిచ్చి. ఎప్పుడూ అట్ల పండుకోడేమో గదా?"

"ఎండలకు బండ సల్లగుంటాది. పండుకోనీ."

"రోంత పోయి జూస్తా."

"చూడొద్దని జెప్పినానా లేదా? నువ్వు పోయి జూస్తే రెండు నెలల పని పాయె."

ఆ పిల్ల మేడ ఎక్కింది. ఎప్పుడూ అలా పడుకోడేమో అని ఆమె అడిగింది కదా. పడుకుంటాడో లేదో నాకు తెలియదు. వాడి నిద్ర, వాడి నొప్పి నేను ఎన్నడూ చూడలేదు. నేను కూర్చున్న వారంలో వాడికి ఏ నొప్పీ రాలేదు, ఆ తర్వాత చూసిందంతా పళ్లెమే.

రాత్రి తల్లి ఫోన్ చేసింది.

"సిస్టరమ్మా, మజ్జిగ గూడా ముట్టల్యా. నా కాళ్లకాడికి వచ్చి కూర్చుంటాండాడు. కొంగు బట్టుకోని గుంజుతాండాడు."

"నువ్వేం జేస్తాండావు?"

"గోడ జూస్తాండా."

"మంచిది. అట్లనే ఉండు. రేపటికి దిగొస్తాడు."

బుధవారం వ్యాను వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. ముందు తల్లి దిగింది. ఆమె ఎప్పుడూ రాదు. వెనక సీటులో వాడు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. చొక్కా మీద ఆకుపచ్చగా వాంతి. నేను చొక్కా ఎత్తి పొట్ట మీద చెయ్యి వేశాను. ఇరవై ఏళ్లు పొట్టలు తడిమిన చెయ్యి, దానికి అర నిమిషం కూడా అక్కర్లేదు. తప్పెటలా బిగిసిపోయి ఉంది. వేలితో తడితే మోగింది.

"దొడ్డికి పోయి ఎన్ని దినాలాయె?"

తల్లి నన్ను అయోమయంగా చూసింది. "తెల్దు సిస్టరమ్మా. పాతూర్లో అయితే నేనే చేనికి పిల్చుకోని పోతాంటి, తెలుస్తాండె. ఇప్పుడు వాడే పోయి తలుపేసుకుంటాడు గదా."

నర్సింగ్ హోంలో రోజూ తెల్లారగానే ప్రతి మంచం దగ్గరా నేను అడిగే మొదటి మాట అది. రాత్రి మోషన్ అయిందా అని అడక్కుండా ఏ రోజూ వార్డు దాటలేదు. ఈ పిల్లాడి గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. అక్కడ నేను నర్సును కాననుకున్నాను, టీచరు కావడానికి వచ్చానని అనుకున్నాను. తలుపు వేసుకోవడం నేర్పినందుకు చప్పట్లు కొట్టించుకున్నాను.

అదే వ్యానులో ప్రొద్దుటూరుకు. తల్లి ఒడిలో తల, నా ఒడిలో కాళ్లు. దోవలో వాడు ఒక్కసారి కూడా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నేను పనిచేసిన నర్సింగ్ హోంకే తీసుకుపోయాను. సర్జన్ నన్ను చూసి నవ్వబోయి, స్ట్రెచర్ చూసి ఆగాడు. పేగు మెలిపడింది అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"సిస్టర్, ఓపెన్ చేయాల. చేసినా నమ్మకం లేదు. కడపకు రాసిస్తా."

"కడప దాకా నిలబడడు సార్. మీకూ తెలుసు."

"ఆపరేషన్ అయితే అయింది, తర్వాత? ఇట్లాంటి పిల్లోడు ట్యూబులు ఉంచుకుంటాడా? పీకి పారేస్తాడు. నైటంతా ఎవరు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటా."

"నీకు తెల్దా సిస్టర్, మనం ఇట్లాంటోళ్లకు..."

"తెలుసు సార్. కట్టేస్తాం. నేనే కట్టినా. ఈసారి కట్టను. ఇదే కడుపుతో మన కాంపౌండర్ కొడుకు వచ్చింటే కడపకు రాస్తాంటిరా? చెప్పండి, నేనే తీసుకోని పోతా."

"థియేటర్ రెడీ చేయమను," అని ఆయన చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అన్నది మేమంతా ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ వచ్చిందే. ఆ పూట బేరం మాత్రం నేను గెలిచాను. జీవితంలో నిజంగా గెలవాల్సిన బేరం అదొక్కటే. ఆలస్యంగా గెలిచాను.

పొట్ట తెరిచేసరికి చాలా పేగు నల్లబడి ఉంది. తీయగలిగినంత తీసి, సాయంత్రానికి బయటికి తెచ్చారు. రాత్రంతా వాడి చేతులు పట్టుకుని కూర్చున్నాను. కట్టలేదు. అంత సేపు వాడి పక్కన ఊరికే కూర్చోవడం అదే మొదలు. నొప్పి వస్తే వాడు ఒక చెయ్యి నా పట్టులోంచి జార్చుకుని కుడి చెవిని మెలిపెట్టుకుంటాడని ఆ రాత్రి తెలిసింది. చాలా చిన్న కదలిక. తెల్లారి తల్లికి చెబితే, "అవును, చిన్నప్పట్నుంచీ అంతే గదా," అంది. నేనెప్పుడూ అడగలేదు, అందుకే ఆమె చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం వాడు కళ్లు తెరిచాడు. మొహం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వాడి వైపే చూస్తోంది. వాడు చెయ్యి విడిపించుకుని మాస్కును లాగి కిందికి విసిరాడు. అది టైల్స్ మీద టక్కుమని పడింది.

ఆ చప్పుడుకు తల్లి మొహం గోడవైపు తిరిగింది.

ఆమె తిప్పలేదు. దానంతటదే తిరిగింది. రెండు నెలలు నేను నేర్పిన మెడ అది. మరుక్షణం ఆమెకు తెలిసి, "అయ్యో" అని వెనక్కి తిరిగి వాడి రెండు చెంపలూ పట్టుకుంది. వాడు ఆమెనే చూస్తున్నాడు. నేను మాస్కు తీసి తుడిచి పెట్టాను. తర్వాత గంట లోపలే వాడు పోయాడు. ఆ గంటసేపూ ఆమె కళ్లు ఆర్పలేదు.

మేడమ్ ఆసుపత్రికి వచ్చింది. నేను ఏదో చెప్పబోతే ఆపింది. "నువ్వు అడిగినావు, నేను ఇచ్చినాను. నాకు తెలిసి ఇచ్చినాను," అంది. ఆ తర్వాత ఆమె ఎవరికీ ఒక్క రోజు కూడా మాఫీ చేయలేదు. మరుసటి నెలంతా నేనూ ఇంకో పిల్ల పక్కన కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు.

కర్మలయ్యాక కాలనీకి వెళ్లాను. తల్లి నీళ్లిచ్చింది. చాప మీద ఇద్దరం కూర్చున్నాం. తిడుతుందని వెళ్లాను, తిడితే నాకు కొంచెం తేలికయ్యేది. ఆమె తిట్టలేదు.

"ఒగ మాట అడుగుతా సిస్టరమ్మా, కోపం జేసుకోవద్దు."

"అడుగమ్మా."

"ఆ రెండు దినాలు వాడు నా కొంగు బట్టుకోని గుంజె గదా. నేను కోపంతో తిరగల్యా, నువ్వు జెప్పినావని తిరిగినా. అది వానికి తెలిసింటాదా?"

అబద్ధం అమ్మడం నాకు చేతకాక కాదు. రంగు పోదని చెప్పి ఎన్ని చీరలు అమ్మలేదు నేను! తెలిసే ఉంటుందమ్మా, తల్లి మనసు బిడ్డకు తెలియదా, అని ఒక్క మాట అంటే ఆమెకు ఆ పూట నిద్ర పట్టి ఉండేది.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె తల ఊపింది. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఇక లెక్క. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి సరిగ్గా చెబుతాను. సోమవారమే తెచ్చి ఉంటే బతికేవాడా అని సర్జన్‌ను అడిగాను. "బతకొచ్చు, బతక్కపోవచ్చు," అన్నాడు. పేగు ఏ పూట మెలిపడిందో ఎవరికీ తెలియదు. కాబట్టి వాడి చావు మొత్తం నాదేనని గుండెలు బాదుకోను. అదీ ఒక రకం గొప్ప చెప్పుకోవడమే. నాది కాదనీ అనను. తర్వాత పులివెందులలో ఇన్నేళ్లు చేశాను. చెవిపోటుతో తల గోడకు కొట్టుకుంటున్న పిల్లను మొండిదని కొడుతుంటే ఆపాను. పంటినొప్పితో అన్నం మానేసిన పిల్లాణ్ణి డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. ఇంకా ఉన్నారు. వాళ్లను తెచ్చి ఈ పిల్లాడికి ఎదురుగా నిలబెట్టి చెల్లుకు చెల్లు అనుకోమని కొందరు నాతో అన్నారు, ప్రేమతోనే. మా అంగట్లో ఒకరి ఖాతాలో జమను ఇంకొకరి బాకీకి మార్చడాన్ని దొంగతనం అనేవాళ్లు.

ఆఖరికి మిగిలింది ఇది. రెండు రోజులు ఒక పిల్లాడు కడుపులో పేగు మెలిపడి, చెప్పడానికి మాట లేక, తల్లి కొంగు పట్టుకుని లాగాడు. లాగిన ప్రతిసారీ వాడికి ఆమె వీపు కనబడింది. చావులో నా వంతు ఎంతో నాకు తెలియదు. ఆ రెండు రోజులు మాత్రం డాక్టరువి కావు, మేడమ్‌వి కావు, తల్లివి అసలే కావు. మొత్తం నావే.